చావుకీ పట్టాకీ మధ్య



ఇంటి పెద్ద కన్నుమూసిన నాటి నుంచి ఆ ఇంట్లో రెండు లెక్కలు మొదలవుతాయి. రావలసిన డబ్బు ఒకటి, పోవలసిన డబ్బు ఒకటి. రావలసింది నెలల మీద వస్తుంది. పోవలసింది మాత్రం ఆ రాత్రి నుంచే పోతూ ఉంటుంది. కట్టెలు, కొత్త బట్ట, వచ్చిన చుట్టాలకు బియ్యం, దినకార్యానికి మేక, దూరాన చదువుకుంటున్న పిల్లవాడు ఇంటికి రావడానికి జీపు చార్జీ. పోయినాయనకు రెండెకరాల కాఫీ తోట ఉండొచ్చు, బ్యాంకులో నాలుగు డబ్బులు ఉండొచ్చు, బీమా కూడా ఉండొచ్చు. కానీ అవేవీ ఆ వారంలో చేతికి రావు. ఆస్తి ఉండీ చేతిలో రూపాయి లేని ఈ కాలం గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

అమెరికాలో ఈ కాలానికి ఒక వ్యాపారమే ఉంది. అక్కడ మనిషి పోతే వీలునామాను కోర్టు పరిశీలించి, అప్పులు తీర్చి, మిగిలింది వారసులకు పంచేదాకా నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. దాన్నే ప్రొబేటు అంటారు. అంతదాకా ఆగలేని వారసుడికి కొన్ని కంపెనీలు ముందే డబ్బిస్తాయి. బదులుగా అతని వాటాలోంచి అంతకంటే పెద్ద మొత్తాన్ని రాయించుకుంటాయి. ఇది అప్పు కాదనీ, మీ వాటాలో కొంత ముక్క మేం కొంటున్నామనీ చెబుతాయి. అప్పు కాదంటే వడ్డీ పరిమితి వర్తించదు కదా! అందుకే కాలిఫోర్నియాలో ఇలాంటి ఒప్పందాన్ని కోర్టులో దాఖలు చేయాలని చట్టం తెచ్చారు. షరతులు మరీ దారుణంగా ఉంటే కోర్టు వాటిని మార్చవచ్చు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లకు ఇది పనికొచ్చే సంగతి.

మన దగ్గర ప్రొబేటు అన్న మాట చాలామంది వినే ఉండరు. వీలునామా రాసినా ప్రొబేటు తప్పనిసరి అన్న నిబంధన పాతకాలపు ప్రెసిడెన్సీ నగరాలు కలకత్తా, బొంబాయి, మద్రాసులను దృష్టిలో పెట్టుకుని చేసింది; 2025లో దాన్నీ రద్దు చేశారు. మన జిల్లాల్లో ప్రొబేటు బదులు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాసుపుస్తకంలో పేరు మార్పు ఉంటాయి. పేర్లు వేరైనా ఎదురుచూపు ఒకటే. అరకు నుంచి పాడేరు దాకా, అనంతగిరి నుంచి ముంచంగిపుట్టు దాకా ఈ ఎదురుచూపు మీద బతికే వ్యాపారి కూడా ఉన్నాడు. అతనికి కంపెనీ లేదు, బోర్డు లేదు. సంతలో ఒక తక్కెడ, సంచిలో ఒక ఖాతా పుస్తకం ఉంటాయి. అతన్నే మనం షావుకారు అంటాం.

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ఊరూ పేరూ వద్దు, లెక్క కోసం మాత్రమే. శ్రావణమాసపు వానల్లో ఇంటాయన జ్వరంతో పోయాడు. తోటలో కాఫీ కాయలు ఇంకా పచ్చగా ఉన్నాయి. అవి ఎర్రబడి కోతకు రావాలంటే కార్తీకం రావాలి. పసుపు తవ్వేది సంక్రాంతి దాటాకే. వరి కూడా గింజ పట్టలేదు. చేతికొచ్చే పంట ఒక్కటీ లేని రోజుల్లో చావు వచ్చింది. షావుకారు పరామర్శకు వచ్చి, అడగకముందే ఇరవై వేలు చేతిలో పెట్టాడు. "అప్పు అనుకోవద్దమ్మా, ఈ ఏడు మీ కాఫీ నాకే ఇవ్వండి, చాలు" అన్నాడు. అంటే అమెరికాలో కంపెనీ చెప్పిన మాటే ఇక్కడ ఇతనూ చెప్పాడు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. జనవరిలో ఎండబెట్టిన పార్చ్‌మెంటు కాఫీకి బయట కిలో మూడు వందలు పలుకుతోందనుకోండి. షావుకారు తన ఖాతాకు రెండు వందల చొప్పునే కడతాడు. ఇరవై వేల బాకీ తీరాలంటే వంద కిలోలు తూచాలి. ఆ వంద కిలోల అసలు విలువ ముప్పై వేలు. ఐదు నెలలకు ఇరవై వేల మీద పదివేలు పోయాయి. ఏడాది లెక్కన చూస్తే ఇది నూటికి నూట ఇరవై వడ్డీ. పైగా తక్కెడలో పోయేది, తేమ ఎక్కువుందని తరుగు తీసేది ఇందులో కలపలేదు. ఖాతాలో "వడ్డీ" అని ఎక్కడా రాసి ఉండదు కాబట్టి ఇంటావిడకు తాను ఎంత చెల్లించిందో తెలియదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశదేశాల్లో దాన్ని మెచ్చుకుంటున్నారు. కానీ ఇలాంటి ముందస్తు డబ్బు తీసుకున్న ఇంటికి ఆ పేరూ అందదు, ఆ ధరా అందదు.

ఈ బాధ కొత్తది కాదు. బ్రిటిష్ ప్రభుత్వం కూడా దీన్ని గుర్తించక తప్పలేదు. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం వచ్చింది. కొండజాతుల వాళ్ల మీద ఏడాదికి నూటికి ఇరవై నాలుగు కంటే ఎక్కువ వడ్డీ చెల్లదని, మొత్తం వడ్డీ అసలును మించరాదని అందులో రాశారు. పైన చెప్పిన ఇరవై వేలకు ఆ రేటున ఐదు నెలల వడ్డీ రెండు వేలు. నిజంగా పోయింది పదివేలు. వందేళ్ల కిందటి చట్టానికీ ఇవాళ్టి సంతకూ మధ్య తేడా అది. తర్వాత 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ వచ్చింది. లైసెన్సు లేకుండా ఇక్కడ వడ్డీ వ్యాపారం చేయకూడదని దాని సారాంశం. పంట ముందే కొంటున్నానని చెప్పేవాడు ఈ రెండింటి పక్క నుంచీ జారుకుంటాడు. కనుక ఎవరైనా ముందస్తు డబ్బు ఇస్తే మీరు అడగవలసింది వడ్డీ ఎంత అని కాదు. ఆ డబ్బుకు ఎన్ని కిలోలు ఇవ్వాలి, కిలోకు ఏ ధర కడతారు, ఆ ధరను ఏ రోజున నిర్ణయిస్తారు, ఈ మూడూ అడగండి. జవాబు చెప్పనివాడి డబ్బు ముట్టకండి.

పంట సంగతి ఇది. భూమి సంగతి ఇంకా గట్టిది. ఏజెన్సీలో అందరికీ తెలిసిన వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఉంది. 1959 నాటి భూబదిలీ రెగ్యులేషన్‌ను 1970లో బిగించినప్పుడు దానికి ఆ పేరొచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనుడికి, లేదా పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప మరెవరికీ బదిలీ చేయకూడదు. చేస్తే అది చెల్లదు. బదిలీ అంటే అమ్మకమే అనుకుంటారు చాలామంది. ఆ చట్టంలో బదిలీకి పెద్ద అర్థమే ఉంది. తనఖా, స్వాధీనం ఇచ్చినా ఇవ్వకపోయినా తనఖాయే. కౌలు, దానం, మార్పిడి, భూమి మీద బాకీ భారం పెట్టడం, వీటి గురించి చేసుకునే ఒప్పందం, అన్నీ అందులోకే వస్తాయి. అంటే "మీ నాన్న పొలం నీ పేరు మీదికి రాగానే నాకు రాసివ్వు, ఇప్పుడు ఈ లక్ష తీసుకో" అని గిరిజనేతరుడు వేయించుకున్న వేలిముద్రకు కాగితం ఖరీదు కూడా రాదు. ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో సహకార సంఘానికో తనఖా పెట్టే వీలుంది, కానీ బాకీ కట్టలేకపోయినా ఆ భూమిని గిరిజనుడికే అమ్మాలి. ఈ రెగ్యులేషన్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది.

మరో సంగతి. తండ్రి బతికుండగానే "రేపు నాకొచ్చే వాటా" మీద డబ్బు తెచ్చుకునే కుర్రాళ్లు ఉన్నారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఆరో సెక్షను దీన్ని ఎప్పుడో కొట్టిపారేసింది. వారసుడు కాబోయేవాడి ఆశను అమ్మడం కుదరదు. తండ్రి పోయిన తర్వాత వచ్చేదే వాటా. అంతకుముందు ఉన్నది ఎదురుచూపే.

చట్టం ఇంత గట్టిగా ఉంటే భూములు ఎలా చేతులు మారుతున్నాయని అడుగుతారు. గిరిజనుడి పేరు మీద బినామీగా రాయించుకుంటారు. కాగితం లేకుండా దున్నుకుంటూ పోతారు. వారసులు ముగ్గురుంటే ఒకరిని పట్టుకుని మిగతా ఇద్దరికీ తెలియకుండా లాగుతారు. వీటికి మంచి అదను చావు జరిగిన ఇల్లే. రికార్డులో పోయినవాడి పేరు అలాగే ఉంటుంది, సాగులో మరొకరు ఉంటారు, అడిగేవాడు ఉండడు. అలా పోయిన భూమి మీద గిరిజన సంక్షేమ ప్రత్యేక ఉప కలెక్టరు దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. ఏజెన్సీలో గిరిజనేతరుడి సాగులో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని చట్టమే అనుకుని మొదలుపెడుతుంది. కాదని చూపించుకునే బాధ్యత అవతలివాడిది.

ఈ కొండల్లో ఆస్తి కంటే ముందు అప్పు వారసత్వంగా వచ్చిన కాలం ఒకటుంది. విశాఖ ఏజెన్సీలోనూ, పక్కనున్న కొరాపుట్‌లోనూ గొత్తి అని ఒక పద్ధతి ఉండేది. పెళ్లికో చావుకో తీసుకున్న కొద్దిపాటి బాకీకి మనిషి షావుకారు ఇంట్లో పనికి కుదిరేవాడు. ఏళ్లు గడిచినా బాకీ తరిగేది కాదు. తండ్రి పోతే కొడుకు ఆ పలుపు మెడకు తగిలించుకునేవాడు. ఏజెన్సీలో ఈ వెట్టిని రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం 1940లో రెగ్యులేషన్ తెచ్చింది. దేశమంతటా వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అందులోంచి మిగిలిన పాఠం ఇవాళ్టికీ అవసరమే. పోయినవాడి అప్పును అతను వదిలిన ఆస్తిలోంచే రాబట్టుకోవాలి. కొడుకు సొంత కూలి డబ్బు మీద, కూతురి మెడలో పుస్తెల మీద అప్పులవాడికి హక్కు లేదు. దినం నాడు పదిమందిలో లేచి "మీ నాన్న నాకు ఇంత ఇవ్వాలి, నువ్వు ఒప్పుకుని నోటు రాయి" అనేవాళ్లు ఉంటారు. ఆ రోజున ఏ నోటు మీదా వేలిముద్ర వేయకండి. నిజమైన బాకీ పది రోజులాగితే మాయమైపోదు.

చావు ఖర్చు తగ్గించుకోమని సలహా ఇవ్వడం పట్నంవాళ్లకు తేలిక. ఇక్కడ చనిపోయినవాళ్లను సరిగ్గా సాగనంపడం ఊరి మర్యాద. కొరాపుట్ వైపు గదబలు ఏళ్ల తర్వాత కూడా పోయినవాళ్ల కోసం దున్నలతో గోతర్ అనే పెద్ద కర్మ చేస్తారు. అయితే ఒక్క సంగతి గమనించండి. పాత ఆచారంలో చుట్టాలు ఉత్త చేతులతో వచ్చేవారు కాదు, బియ్యమో కోడో మేకో తెచ్చేవారు. అప్పుడు భారం ఊరంతా పంచుకునేది. ఆ పంపకం తగ్గిన చోటే షావుకారు అవసరం పెరిగింది. పెద్ద కర్మను పంట చేతికొచ్చాక పెట్టుకునే ఆనవాయితీ ఎక్కడుంటే అక్కడ దాన్ని నిలబెట్టుకోండి.

ఇక వారసులెవరు అన్న ప్రశ్న. ఇక్కడే ఆడవాళ్లకు చిక్కు వస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఆ చట్టంలోనే అలా రాసి ఉంది. అందువల్ల తెగ ఆచారమే నడుస్తుంది, ఎక్కువ చోట్ల భూమి కొడుకులకే పోతుంది. 2022 డిసెంబరులో కమలా నేతి కేసులో సుప్రీంకోర్టు, చట్టం ఇలా ఉన్నంతకాలం గిరిజన కూతురికి ఆ చట్టం కింద వాటా ఇవ్వలేమని చెబుతూనే, దాన్ని మార్చే సంగతి ఆలోచించమని కేంద్రానికి సూచించింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో మరో అడుగు వేసింది. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారాన్ని ఎవరూ రుజువు చేయనప్పుడు, ఆడమనిషి అన్న కారణంతో వాటా కాదనడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆచారం ఉందని నోటితో అంటే చాలదు, రుజువు చేయాలన్నమాట.

అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లకు ఇంకాస్త ధైర్యం ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లైనవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. అది వారసులకు వస్తుంది కానీ అమ్మడానికీ బదిలీకీ వీల్లేదు. కాబట్టి పోడు పట్టా ఉన్న ఇంట్లో భర్త పోతే భార్య వారసత్వం కోసం ఎదురుచూసే మనిషి కాదు. ఆమె ముందునుంచీ హక్కుదారే. మీ పట్టా కాగితం పెట్టెలోంచి ఒకసారి తీయించి ఇద్దరి పేర్లూ ఉన్నాయో లేవో చదివించుకోండి.

ఇప్పటిదాకా ఏం చేయకూడదో ఎక్కువగా చెప్పాను. మరి డబ్బెలా? నా మాట ఏమిటంటే, చావుకూ కాగితానికీ మధ్య కాలం ఎంత పొడుగైతే అప్పు అంత పెరుగుతుంది. ఆ కాలాన్ని కుదించడమే వారసుడికి అసలైన ముందస్తు డబ్బు. దానికి వడ్డీ ఉండదు.

మొదటి కాగితం మరణ ధ్రువపత్రం. చావును 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఆలస్యమయ్యేకొద్దీ రుసుము, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు, ఇలా మెట్లు పెరుగుతాయి. ఇంటి దగ్గర జరిగిన చావును ఎవరూ రాయకుండా వదిలేయడం కొండ గూడేల్లో మామూలు. దినం లోపే పంచాయతీలో రాయించండి. ఒక ప్రతి కాదు, నాలుగైదు తీసుకోండి. ప్రతి చోటా ఒకటి అడుగుతారు.

రెండోది కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. సచివాలయం ద్వారా దరఖాస్తు పెడితే తహసీల్దారు ఇస్తారు. అందులో కూతుళ్ల పేర్లు, భార్య పేరు తప్పకుండా ఉండేలా చూసుకోండి.

మూడోది బ్యాంకు. పాసుపుస్తకంలో నామినీ పేరుంటే, కాగితాలన్నీ ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. నామినీ లేకపోయినా వాణిజ్య బ్యాంకులో 15 లక్షల లోపు సొమ్ముకు, వీలునామా గానీ తగాదా గానీ లేకపోతే, కోర్టు వారసత్వ పత్రం తెమ్మని పట్టుబట్టకూడదని 2025 సెప్టెంబరులో ఆదేశాలు వచ్చాయి. అయితే నామినీ అంటే యజమాని కాదు. డబ్బు అందుకుని మిగతా వారసులకు పంచవలసిన మనిషి మాత్రమే.

నాలుగోది బీమా. జనధన్ ఖాతా నుంచి ఏటా 436 రూపాయలు కోసుకుంటున్నారని విసుక్కునేవాళ్లు చాలామంది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంతో పోయినా 2 లక్షలు వస్తాయి, చేరిన మొదటి నెలలో మాత్రం ప్రమాదవశాత్తూ జరిగిన చావుకే ఇస్తారు. 20 రూపాయలది సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. అడవిలో పాము కరిచి పోయినా అది ప్రమాదమే. పాసుపుస్తకం ఎంట్రీ వేయించి, ఈ రెండు కోతల్లో ఏది ఉందో చూడండి. ఉంటే ఆ బ్యాంకులోనే క్లెయిము ఫారం అడగండి. ఎవరో వచ్చి ఇస్తారని ఎదురుచూడకండి, అడగందే ఎవరూ ఇవ్వరు.

ఐదోది పింఛను. పోయినాయన పింఛనుదారు అయితే, భార్యకు మరుసటి నెల నుంచే 4,000 ఇచ్చే ఏర్పాటు రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి ఉంది. దానికీ మరణ ధ్రువపత్రమే తాళంచెవి.

ఆరోది భూమి రికార్డు. వారసత్వ మ్యుటేషన్‌కు, అంటే పేరు మార్పుకు, దరఖాస్తు పెట్టి రసీదు దాచుకోండి. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రావాలన్నా రికార్డులో బతికున్న మనిషి పేరుండాలి. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి పేరు మారితే ఆ పథకంలో చేర్చరు, కానీ చావు వల్ల వారసుడికి వచ్చిన భూమికి ఆ అడ్డు లేదు.

ఇవన్నీ వచ్చేలోపు కూడా డబ్బు కావాలి, నిజమే. అప్పుడు ముందు తట్టవలసిన తలుపు మీ డ్వాక్రా సంఘానిది. సంఘం పొదుపులోంచి గానీ, 2011లో పెట్టిన స్త్రీనిధి నుంచి గానీ తీసుకున్న అప్పుకు వడ్డీ ఎంతో పుస్తకంలో రాసి ఉంటుంది. కాఫీ, మిరియాల మీద ముందస్తు కావాలంటే గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ వాళ్లను అడగండి. 1956లో ఆ సంస్థ పుట్టిందే షావుకారు తక్కెడకు బదులు ఇంకో తక్కెడ ఉండాలని. ఆ తక్కెడతో మీకు ఫిర్యాదులుండొచ్చు, కానీ దాని ధర పలక మీద కనిపిస్తుంది. ఇవేవీ అందక షావుకారు దగ్గరే తీసుకోవలసి వస్తే తోట మొత్తం రాసివ్వకండి. "వంద కిలోలు" అని సంఖ్య పెట్టండి. ధర తూచిన రోజు సంత ధరే అనండి. రాసిన కాగితం మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. భూమి పాసుపుస్తకం, ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు తాకట్టు అడిగితే ఇవ్వకండి.

తగాదా వస్తే లాయరుకు డబ్బెక్కడిదని భయపడనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవాళ్లకూ, ఆడవాళ్లందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100 నంబరుకు ఫోను చేస్తే చాలు.

ఆఖరి మాట బతికున్నవాళ్లతో. ఇంటి పెద్దలు ఈ వారంలో ఒక పని చేయండి. బ్యాంకు పాసుపుస్తకం, పట్టా, బీమా కోత వివరం, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర ఎంత రావాలి, ఇవన్నీ ఇల్లాలికీ పెద్ద పిల్లకూ చూపించండి. నామినీ పేరు లేకపోతే రాయించండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. అందులో ఇల్లాలి పేరు ముందుండాలి. ఎందుకంటే దినం ఖర్చుకు చేయి చాచవలసి వచ్చేది ఆమే.